ముందు చెవి, ఆ తర్వాతే కన్ను

మొదటి రోజు రాత్రే లామా క్యాంపులో చిన్న పేచీ వచ్చింది. వంటపాకలో వేడివేడి అన్నం, పప్పు తిని, కట్టెల పొయ్యి చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నాం. మా గైడ్ బుగున్ తెగ కుర్రాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. ఆ రోజు పక్షుల జాబితా తీసి ఒక్కో పేరూ చదువుతుంటే మేం ‘చూశాం’ అంటున్నాం, అతను పెన్సిలుతో టిక్కు పెడుతున్నాడు. పది పన్నెండు పేర్లయ్యాక టిక్కు మానేసి ‘హెచ్’ అని రాశాడు. అదేమిటని అడిగితే, “విన్నాం కదా సార్‌జీ” అన్నాడు హిందీలో. హెచ్ అంటే హర్డ్ అని అర్థం.

మాతో వచ్చిన లెక్కల మాస్టారికి అది మింగుడు పడలేదు. ముప్పై ఏళ్ళు హైస్కూలు బోర్డు మీద సుద్దముక్కలు అరగదీసిన మనిషి. “చూడనిదాన్ని లెక్కలో ఎలా వేస్తాం నాయనా? రుజువేదీ?” అన్నారు. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి అతని జాబితాలో హెచ్‌లు డజనుకు పైనే పడ్డాయి. మాస్టారి నోట్‌బుక్కులో ఒక్కటీ పడలేదు.

నిజం చెప్పొద్దూ, నాదీ లోపల మాస్టారి మాటే. ఖరీదైన బైనాక్యులర్ మెడలో వేసుకుని ఇంత దూరం వచ్చింది చూడటానికే కదా అనుకున్నాను. హిమాలయపు అడవిలో గైడ్ వెంట నడవడమంటే ఏమిటో తెలియక అనుకున్న మాట అది.

అడవికి మిగిలిపోయిన దారి

మేం వెళ్ళింది అరుణాచల్ ప్రదేశ్‌లోని వెస్ట్ కామెంగ్ జిల్లాకు. అక్కడ 218 చదరపు కిలోమీటర్ల ఈగిల్‌నెస్ట్ అభయారణ్యం ఉంది. గౌహతిలో దిగి, తేజ్‌పూర్ దాటి, భాలుక్‌పోంగ్ దగ్గర ఇన్నర్ లైన్ పర్మిట్ చూపించి, కామెంగ్ నది పక్కనుంచి కొండెక్కి టెంగా లోయ చేరాలి. అక్కడి నుంచి జీపు పైకి మళ్ళుతుంది.

పేరు విని అది గద్దల గూడనుకుంటాం. నిజానికి 1950ల్లో ఇక్కడ మకాం వేసిన సైన్యపు రెడ్ ఈగిల్ డివిజన్ వల్ల వచ్చిన పేరది. అడవిని నిలువునా చీలుస్తూ కొండ ఈ పక్కనుంచి ఆ పక్కకు సైన్యం ఒక జీపుదారి వేసుకుంది. తర్వాత రాకపోకలన్నీ భాలుక్‌పోంగ్ మీదుగా వేసిన వేరే రోడ్డుకు మళ్ళడంతో పాతది అడవికే మిగిలిపోయింది. పక్షులు చూసేవాళ్ళకు అదే పెద్ద వరం. 2,800 మీటర్ల ఎత్తున్న కనుమ దగ్గర మొదలుపెట్టి సుందర్ వ్యూ, బొంపు, సెస్నీ, ఖెల్లాంగ్ మీదుగా దిగుతూపోతే ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తుకు వచ్చేస్తాం. చలికి వణికే రోడోడెండ్రాన్లతో మొదలై, నాచు కప్పుకున్న ఓక్ చెట్లూ వెదురు పొదలూ దాటి, అరటి బోదెలున్న ఉక్కపోత అడవిలో తేలతాం.

కొండ మీద వెయ్యి మీటర్లు దిగితే సుమారు ఆరు డిగ్రీల వేడి పెరుగుతుంది. దాన్నిబట్టే చెట్లూ, పురుగులూ, వాటిని తినే పిట్టలూ మారతాయి. తిరుమల నడకదారిలో గాలిగోపురం దాటగానే గాలి తేడా ఒంటికి తెలిసినట్టు, ఇక్కడ ప్రతి రెండు మూడు వందల మీటర్లకూ కూత తేడా చెవికి తెలుస్తుంది. దగ్గర చుట్టాలైన పిట్టలు కూడా కొండను అంతస్తులుగా పంచుకుని ఉంటాయి. కింది అంతస్తుది పైన కాపురం పెట్టదు. ఈ ఒక్క అడవిలోనే నాలుగు వందలకు పైగా పక్షి జాతులు ఉండటానికి అదే ముఖ్య కారణం. అందుకే మంచి గైడ్ పక్షి పేరు చెప్పేముందు ఎంత ఎత్తులో ఉన్నామో చూసుకుంటాడు. సగం పేర్లు అక్కడే కొట్టేయొచ్చు.

పొగమంచులో చూపు పనిచేయదు

ఏప్రిల్‌లో అక్కడ ఐదింటికే తెల్లారిపోతుంది. నాలుగున్నరకు ఎర్ర టీ తాగి బయల్దేరాం. పది అడుగుల దూరంలో చెట్టు మొదలు కనిపిస్తోంది, పైకి చూస్తే తెల్లటి పొగమంచు. ఆకుల చివర్ల నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. అలాంటప్పుడు బైనాక్యులర్ మెడకు బరువు తప్ప ఎందుకూ పనికిరాదు.

గైడ్ మాత్రం వరసగా పేర్లు చెప్పుకుపోతున్నాడు. ఎడమ లోయలో గ్రేట్ బార్బెట్. పైనెక్కడో లార్జ్ హాక్ కుకూ, మెట్టు మెట్టుకూ స్వరం పెంచుకుంటూ చివరికి పిచ్చెత్తినట్టు అరిచి ఆగే కోకిల జాతి పిట్ట. అన్ని కూతలు ఒకేసారి చెవిలో పడుతుంటే మాకు సంత గోలలా ఉంది. అతనికి అది సంతలో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరూ పలకరించినట్టుంది.

ఎలా గుర్తుపడతావని అడిగితే నాలుగు సంగతులు చెప్పాడు. మొదటిది, కూత ఏ ఎత్తు నుంచి వస్తోంది: నేల మీదనుంచా, పొదలోంచా, చెట్టు నడుమ నుంచా, కొమ్మ చిటారునుంచా? రెండోది, స్వరాల నడక: ఎక్కుతోందా, దిగుతోందా, ఒకేచోట నిలిచిందా? మూడోది, స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ. నాలుగోది, గొంతు తీరు: ఈలా, గరగరా, లోహాన్ని గీకినట్టా? ఈ నాలుగింటికీ జవాబులు చెప్పుకున్నాకే పేరు జోలికి పోవాలట. కొత్తవాళ్ళు ముందే పేరు వెతుకుతారు, అందుకే తప్పుతారని అతని మాట.

కూతను మాటగా మార్చుకోవడం ఇంకో కిటుకు. ఉత్తరాఖండ్ కొండల్లో ఇండియన్ కుకూ కూస్తే ‘కాఫల్ పాకో’ అంటోందని చెప్పుకుంటారు. కాఫల్ పళ్ళు పండాయని దాని అర్థం. మనకూ ఇది కొత్తేం కాదు. కూసే కూతనే పేరుగా పెట్టుకున్న తీతువు మనకుంది. అది రాత్రి కూస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఉలిక్కిపడేవారు. కాకి గోడెక్కి అరిస్తే చుట్టాలొస్తారని బియ్యం మరో గిద్దెడు ఎక్కువ పోసేవారు. శకునాల మాట ఎలా ఉన్నా, ఆ చెవి మనదే. ఊళ్ళు వదిలి వచ్చేసినప్పుడు దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

మూడో రోజు బొంపు దగ్గర ఆ చెవి ఎంత పని చేస్తుందో కళ్ళారా చూశాం. దారి పక్క బురదవాలులో ఫెర్న్ మొక్కల మధ్య నుంచి ఒక సన్నని ఈల వచ్చింది. ఒక స్వరం, ఖాళీ, దానికంటే కిందిగా ఇంకో స్వరం, మళ్ళీ ఖాళీ, ఇంకాస్త కిందికి. అంత పెద్ద గొంతుకు పిట్ట కనీసం గోరింకంతైనా ఉండాలనిపించింది. గైడ్ చూపుడువేలు ఎత్తలేదు. మమ్మల్ని ఉన్నచోటే గొంతుక్కూర్చోమని కళ్ళతో సైగ చేశాడు. “పిగ్మీ కప్‌వింగ్. వెతకొద్దు. ఆ పడిపోయిన దుంగకూ ఈ రాయికీ మధ్య జానెడు సందు ఉంది చూడండి, దాన్నే చూస్తూ ఉండండి” అని గుసగుసలాడాడు.

పది నిమిషాలు గడిచాయి. మోకాళ్ళు నొప్పెట్టాయి. మాస్టారి బూటు మీద జలగ ఒకటి నిటారుగా లేచి గాలిని వాసన చూస్తోంది. అప్పుడు ఆ సందులో ఎండుటాకొకటి కదిలింది. ఆకు వెనకనుంచి తొమ్మిది సెంటీమీటర్ల గోధుమరంగు ఉండ ఒకటి చిట్టెలుకలా బయటికొచ్చింది. తోక ఉందా అంటే లేనట్టే. రొమ్మంతా చేప పొలుసుల్లాంటి చారలు. ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి, ఆ మూడు స్వరాలూ మా ఎదుటే ఊది మళ్ళీ ఆకుల్లోకి దూరిపోయింది.

దాన్ని చూసింది మహా అయితే నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లను గైడ్ పది నిమిషాల ముందే లెక్కకట్టేశాడు. కూత ఎటునుంచి ఎటు జరుగుతోందో విని, పిట్ట ఏ సందు దాటక తప్పదో పట్టుకున్నాడు. కళ్ళతో వెతికితే ఆ వాలులో సాయంత్రం దాకా వెతుకుతూనే ఉండేవాళ్ళం.

అల వచ్చి పోయే నాలుగు నిమిషాలు

హిమాలయపు అడవిలో కొత్తవాళ్ళకు అంతుపట్టని సంగతి ఇంకొకటుంది. గంటసేపు నడిచినా ఒక్క రెక్క కదలదు. ఉన్నట్టుండి ఒక మలుపులో చెట్లన్నీ పిట్టలైపోతాయి. సిబియాలు, యుహినాలు, ఫుల్వెట్టాలు, మిన్లాలు, జిట్టలంత చిన్న వార్బ్లర్లు, నడుమ ఒకటో రెండో వడ్రంగి పిట్టలు. పది పదిహేను జాతులవి కలిసి ఒకే దిక్కుకు సాగిపోతుంటాయి. నాలుగైదు నిమిషాల్లో అంతా ఖాళీ. దీన్ని గైడ్లు బర్డ్ వేవ్ అంటారు. నిజంగా అలలాగే వస్తుంది.

ఇన్ని రకాలు కలిసి తిరగడానికి లెక్క ఉంది. ఎన్ని కళ్ళుంటే డేగ అంత త్వరగా కంటపడుతుంది. ఒకటి కొమ్మ దులిపితే లేచిన పురుగు ఇంకొకదాని నోటికి చిక్కుతుంది. మన పొలాల్లో పసల పోలిగాడు గేదె వీపెక్కి కూర్చునేది కూడా ఇందుకే. గేదె గడ్డిలో కాలు వేస్తే లేచే మిడతలు దానివి. ఇక్కడ ఒకరికొకరు గేదెలవుతారు, అంతే.

అల వచ్చినప్పుడు అందరూ చేసే తప్పే మేమూ చేశాం. ఒక పిట్ట మీద బైనాక్యులర్ పెట్టి, అది ఆకు చాటుకు పోగానే రెండోదాని కోసం తిప్పి, అదీ దొరక్క మూడోదానికి పరుగెత్తి, చివరికి అన్నింటి తోకలూ చూశాం, ఒక్కదాని మొహమూ చూడలేదు. గైడ్ ఆ మధ్యాహ్నం దారిలోనే కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

ముందు పరికరం సంగతి. నా బైనాక్యులర్ మీద ‘8 ఇంటూ 42’ అని ఉంది. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుందని ఒక అంకె, ముందువైపు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని రెండోది. మాస్టారిది పది రెట్లది. ఎక్కువ రెట్లయితే మంచిదేగా అనుకుంటాం. కానీ పెద్దదవుతున్నకొద్దీ చేతి వణుకూ పెద్దదవుతుంది, కనబడే మేర తగ్గుతుంది. వెలుతురు తక్కువగా ఉండే అడవిలో, ఒకచోట నిలవని పిట్టలకు ఎనిమిదే నయం. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పుకోవాలి. రెండు కళ్ళకూ చూపు తేడా ఉంటుంది కాబట్టి కుడివైపు చిన్న చక్రాన్ని మొదటిరోజే సరిచూసుకోవాలి. ఇది చేయనివాళ్ళు వారమంతా తలనొప్పితో తిరుగుతారు.

తర్వాత అసలు కిటుకు. పిట్ట కదిలినచోట కన్ను నిలిపి, ఆ కన్ను తిప్పకుండా బైనాక్యులర్‌ను మొహం దగ్గరికి తెచ్చుకోవాలి. ముందు అద్దాలు పెట్టుకుని ఆ తర్వాత పిట్టను వెతకబోతే దొరకదు. వినడానికి చిన్న విషయమే. చేతికి రావడానికి మాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు నుంచి మాస్టారు టీ గ్లాసును కూడా అలాగే ఎత్తడం మొదలుపెట్టారు.

పక్కవాళ్ళకు చూపించడానికీ ఒక పద్ధతి ఉంది. వేలు పెట్టి చూపితే ఆ కదలికకు పిట్ట లేచిపోతుంది, పైగా ఒకరి వేలి గురి ఇంకొకరి కంటికి అందదు. అందుకని చెట్టును గడియారం అనుకుంటారు. చిటారు పన్నెండు, కుడి కొమ్మ మూడు. ‘నాచు పట్టిన ఓక్, రెండింటి దగ్గర, విరిగిన కొమ్మకు మూరెడు లోపలికి’ అంటే నలుగురి చూపూ ఒకేచోటికి చేరుతుంది.

చివరిది, అల వచ్చినప్పుడు దాన్ని వెంటాడకూడదు. ఒక అంతస్తు ఎంచుకోవాలి. పొదలే చూద్దామనుకుంటే పొదలే. పేరు తెలియకపోతే ఫర్వాలేదు, నడవడిక చూడాలి. మాను మీద తలకిందులుగా దిగేది నట్‌హ్యాచ్. మాను చుట్టూ మెలికలు తిరుగుతూ పైకెక్కేది ట్రీక్రీపర్. ఉన్నచోటే తోకను విసనకర్రలా విప్పి గిర్రున తిరిగేది ఫ్యాన్‌టెయిల్. తలమీద జుట్టు నిక్కబొడుచుకున్నది యుహినా. దూరంనుంచి వచ్చే మనిషిని మొహం కనిపించకముందే నడకను బట్టి పోల్చుకుంటాం కదా, ఇదీ అంతే.

తుపాకీ నుంచి పెన్సిలు దాకా

ఇవాళ ఇంత నెమ్మదిగా సాగే ఈ విద్య పుట్టింది తుపాకీ మోతల్లో. పందొమ్మిదో శతాబ్దంలో పక్షిని తెలుసుకోవడమంటే కాల్చి, చర్మం ఒలిచి, దూది కుక్కి, కాలికి చీటీ కట్టడం. 1885లో కాంగ్రెస్ స్థాపనలో ముందు నిలిచిన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ అదే ఏడాది బ్రిటిష్ మ్యూజియానికి అరవై వేలకు పైగా పక్షి చర్మాలు ఇచ్చాడంటే ఆ రోజుల్లో సేకరణ ఏ స్థాయిలో ఉండేదో ఊహించుకోవచ్చు. మన హైదరాబాద్ సంస్థానంలో 1931-32లో పక్షుల సర్వే చేసిన సలీం అలీ కూడా నమూనాలు సేకరించినవాడే. కానీ 1941లో వచ్చిన ఆయన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ మామూలు మనిషి చేతికి తుపాకీ బదులు పుస్తకం ఇచ్చింది.

ఆ తర్వాతి మలుపు చెవిది. 2009లో స్వీడన్‌కు చెందిన పెర్ ఆల్‌స్ట్రామ్, మన శశాంక్ దాల్వీ అరుణాచల్ కొండల్లో ఒక చిత్రం గమనించారు. పుస్తకాల ప్రకారం ప్లెయిన్-బ్యాక్డ్ థ్రష్ ఒకటే పక్షి. కానీ చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన, రాళ్ళలో ఉండేది గీకినట్టు పాడుతోంది. కింద అడవిలో ఉండేది శ్రావ్యంగా పాడుతోంది. రంగు చూస్తే ఇంచుమించు ఒకటే. ఆ పాట వెంట పడి, మ్యూజియం నమూనాలు కొలిచి, డీఎన్ఏ పరీక్షలు చేసి, 2016లో అవి వేర్వేరు జాతులని తేల్చారు. అడవి పక్షికి హిమాలయన్ ఫారెస్ట్ థ్రష్ అని పేరుపెట్టి, శాస్త్రీయ నామంలో సలీం అలీని తలుచుకున్నారు. అంతకాలం అందరి కళ్ళముందూ ఉన్నదాన్ని చివరికి చెవి పట్టుకుంది.

ఈగిల్‌నెస్ట్ కథ ఇంకా దగ్గరిది, అందులో హైదరాబాద్‌కూ వాటా ఉంది. వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త అయిన రమణ ఆత్రేయ 1995లో ఇక్కడ ఏ పుస్తకంలోనూ లేని పిట్టను చూశారు. మళ్ళీ అది కనబడింది పదేళ్ళ తర్వాత, 2005లో. 2006 మేలో వలకు చిక్కింది. కొత్త జాతిని ప్రకటించాలంటే ఒక నమూనాను చంపి మ్యూజియంలో పెట్టడం ఆనవాయితీ. కానీ అప్పటికి ఆయన లెక్కకు తేలినవి పద్నాలుగే. ఒకటి చంపితే జాతికే ముప్పేమో! ఆయన కొలతలు తీసుకుని, ఫొటోలు తీసి, పట్టినప్పుడు రాలిన ఈకలు దాచి, పిట్టను వదిలేశారు. ఆ ఈకలు, ఫొటోలు, కూతల రికార్డింగుల ఆధారంగానే బుగున్ లియోసిచ్లా లోకానికి తెలిసింది. మన దేశపు ప్రధాన భూభాగంలో యాభై ఏళ్ళకు పైగా గడిచాక దొరికిన కొత్త పక్షి అది. దాన్ని ప్రకటించిన పత్రం అచ్చయింది అప్పట్లో ఆశీష్ పిట్టి సంపాదకత్వంలో హైదరాబాద్ నుంచి వెలువడిన ‘ఇండియన్ బర్డ్స్’ పత్రికలో.

మేం దాన్ని రెండో రోజు ఉదయం చూశాం. లామా క్యాంపు దగ్గర దారికి కింద, పొదలు అల్లుకుపోయిన వాలు. కిందికి జారే ఈల ఒకటి వినబడగానే గైడ్ నడక ఆగిపోయింది. జేబులో ఫోను ఉన్నా, అందులో దాని కూత ఉన్నా తీయలేదు. నిలబడ్డాం. గోరింకంత పిట్ట, ముదురు ఆలివ్ ఒళ్ళు, నల్లటి టోపీ, కన్ను ముందు నారింజ కలిసిన పసుపు బొట్టు. రెక్క విప్పితే ఎరుపు, పసుపు, తెలుపు. ఎగిరేటప్పుడు తోక కిందనుంచి నిప్పులాంటి ఎరుపు ఒక్కసారి మెరిసింది. మాస్టారు టిక్కు పెట్టారు. ఈసారి రుజువు అడగలేదు.

పేరు ఎవరిదో అడవి వాళ్ళది

హిమాలయపు పక్షుల పేర్లు చదువుతుంటే దొరల హాజరుపట్టీలా ఉంటుంది. టెమ్మింక్స్ ట్రాగోపాన్, బ్లిత్స్ ట్రాగోపాన్, వార్డ్స్ ట్రోగాన్, హాడ్జ్‌సన్స్ ఫ్రాగ్‌మౌత్, మిసెస్ గౌల్డ్స్ సన్‌బర్డ్. ఆ నమూనాలు తెచ్చిపెట్టిన స్థానిక వేటగాళ్ళ పేర్లు ఏ పిట్టకూ అంటుకోలేదు. ఆ పట్టీలో బుగున్ లియోసిచ్లా వేరుగా నిలబడుతుంది. అది ఆ కొండల్లో ఉండే బుగున్ జనం పేరు.

పేరుతో పాటు బాధ్యతా వచ్చింది. బుగున్ పెద్ద ఇండీ గ్లో, ఆత్రేయ కలిసి పక్షులు చూడవచ్చేవాళ్ళకు క్యాంపులు నడిపే ఏర్పాటు మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు కట్టే రుసుములో ఊరికి వాటా ఉంటుంది. వంటవాళ్ళు, డ్రైవర్లు, గైడ్లు అక్కడివాళ్ళే. 2017లో సింగ్‌చుంగ్ బుగున్లు తమ ఉమ్మడి అడవిలో 17 చదరపు కిలోమీటర్లను కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటింపజేసుకున్నారు. కాపలా తిరిగేది ఊరి యువకులే. మరుసటి ఏడాది దానికి ఇండియా బయోడైవర్సిటీ అవార్డు వచ్చింది. బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధకులు ఏళ్ళ తరబడి ఇదే అడవిలో పక్షులను వలలతో పట్టి, కాళ్ళకు చిన్న రింగులు తొడిగి వదులుతున్నారు. చెట్లు నరికిన చోటా, వేడి పెరిగిన చోటా ఏ పిట్ట ఎన్నాళ్ళు బతుకుతోందో తేల్చే ఆ పని కూడా ఊరివాళ్ళ చేతుల మీదుగానే నడుస్తోంది.

మా గైడ్‌ను చిన్నప్పుడు పక్షులెలా పరిచయమని అడిగాను. కాస్త సిగ్గుపడి, చేతితో కేటుబల్ల లాగుతున్నట్టు అభినయించి చూపించాడు. ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో, ఏ వేళకు నీళ్ళకు వస్తుందో, ఏ అలికిడికి బెదురుతుందో అప్పుడు నేర్చుకున్నదే. రాయి పోయింది, ఆ తెలివి మిగిలింది.

మన దగ్గర ఇలాంటి కథే ఒకటుంది. కడప జిల్లా చిట్టడవుల్లోని కలివి కోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న పక్షి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి బొమ్మ చూపించి అడిగితే, ఆ పక్షి పేరు, తిరిగే వేళ ఊరివాళ్ళకు తెలుసునని బయటపడింది. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న అనే స్థానికుడు దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. ఆ పిట్ట తర్వాత బతకలేదన్నది బాధే. కానీ పుస్తకాల్లో చచ్చిపోయిన పక్షి ఐతన్న చెవిలో, కంట్లో ఎన్నడూ చావలేదు.

పిలిచి చూడటం, వచ్చినప్పుడు చూడటం

ఈ విద్యలో మర్యాద కూడా ఒక భాగమే. ఫోనులో ఉన్న కూత వినిపిస్తే పిట్ట సాధారణంగా వచ్చేస్తుంది. తన జాగాలోకి ఇంకో మగది దూరిందని, పోట్లాటకు వస్తుంది. గూడు, పిల్లలు వదిలి లేని శత్రువు కోసం వెతుకుతుంది. ఒక గుంపు వినిపించి వెళ్తే సరే, రోజుకు ఐదు గుంపులు వినిపిస్తే దాని సంసారం ఏం కావాలి? మా గైడ్ ఆరు రోజుల్లో కూత వినిపించింది రెండుసార్లు, అదీ మామూలుగా ఎక్కువ కనబడే పక్షులకు, అర నిమిషం చొప్పున. ఫొటో కోసం ఇంకోసారి వినిపించమని నేను అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆ ఫొటో నా దగ్గర లేదు. దిగులు కూడా లేదు.

మిగతా నియమాలు చిన్నవే. ఎర్రవి, తెల్లవి బట్టలు వద్దు. గరగరలాడే రెయిన్‌కోటు వద్దు. గుడ్లగూబ కళ్ళలోకి టార్చి కొట్టొద్దు. గూడు కనబడితే ఎంత త్వరగా కదిలితే అంత మంచిది. జలగలకు ఉప్పుమూట, మోకాలి దాకా మేజోళ్ళు ఉంటే చాలు.

ఇక రాత్రి జాబితా. అది కాలక్షేపం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. అతను ఆ పేర్లను, పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కిస్తాడు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఎంత దూరం నడిచాం, చూసినవెన్ని, విన్నవెన్ని. దేశమంతటా ఇలా సుమారు 30 వేలమంది నమోదు చేసిన 3 కోట్ల వివరాలతోనే 2023లో మన దేశపు పక్షుల స్థితిపై నివేదిక తయారైంది. ఏది తగ్గుతోందో, ఏది నిలకడగా ఉందో అందులో తేల్చారు. పొదల్లో బతికే పిట్టల్లో చాలావాటిని చూసేవాళ్ళు అరుదు, వినేవాళ్ళే ఎక్కువ. హెచ్‌లు తీసేస్తే అవి లెక్కలోంచే మాయమవుతాయి. ఇది విన్నాక మాస్టారు చాలాసేపు పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నారు.

చివరి రోజు తెల్లవారకముందే కనుమ దగ్గరికి వెళ్ళాం. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కనున్న మనిషి టోపీ మాత్రమే తేలుతోంది. వెదుళ్ళ కిందనుంచి ఒక ఏడుపు లేచింది. పసిపిల్లవాడు రాగం తీసినట్టు, మొదట చిన్నగా, తర్వాత్తర్వాత సాగుతూ, పెరుగుతూ, చివర్లో గొంతు పగిలినట్టు ఆగింది. గైడ్ నోరు విప్పబోతుంటే మాస్టారు చెయ్యెత్తి ఆపారు. కళ్ళు మూసుకున్నారు. కింద నేల మీదనుంచి. ఎక్కే స్వరం. మధ్యలో ఖాళీ. గొంతు చివర గరగర. వేళ్ళమీద లెక్కపెట్టుకుని, “టెమ్మింక్స్ ట్రాగోపానేనా బాబూ?” అన్నారు.

కుర్రాడి మొహం వెలిగిపోయింది. అరగంట నిలబడ్డాం. అది ఇంకో నాలుగుసార్లు అరిచింది. ఎర్రటి ఒంటి మీద తెల్లటి చుక్కలుంటాయట, మేమైతే ఒక్క ఈక కూడా చూడలేదు.

మాస్టారు కొంకర్లుపోయిన వేళ్ళతో నోట్‌బుక్కు తీశారు. పెన్సిలు ముల్లు నాలుకకు అద్దుకుని, లెక్క తేలాక జవాబు కింద గీత గీసే అలవాటు చొప్పున జాగ్రత్తగా హెచ్ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.